ఫ్యామిలీతో హంపికి రెండు రోజులు: ముందు ఎండ లెక్క వేసుకోండి

హంపి వెళ్లొచ్చినవాళ్లలో సగం మంది అబ్బ ఎంత బాగుందో అంటారు, మిగతా సగం మంది రాళ్లు, ఎండ, నడక, ఇంకేముంది అక్కడ అంటారు. చూసింది మాత్రం ఇద్దరూ ఆ ఊరినే. మొదటి రకంవాళ్లు పొద్దున్నే లేచి తిరిగి, మధ్యాహ్నం రూములో పడుకుని, మళ్లీ సాయంత్రం బయల్దేరారు. రెండో రకంవాళ్లు హోటల్లో పదింటికి తీరిగ్గా టిఫిన్ చేసి, పదకొండింటికి మొదలుపెట్టి, ఆటోలో అంటించిన లిస్టులోని చోట్లన్నీ చూసెయ్యాలని నాలుగింటిదాకా పరిగెత్తారు. అక్కడ నేలా బండే, కొండా బండే, గోడా బండే. ఒంటిగంటకి అవన్నీ కలిసి వేడి కక్కుతుంటే రాయలవారి వైభవం ఎవరి చెవికీ ఎక్కదు. అందుకే ముందు ఎండ లెక్క, ఆ తర్వాతే చూడాల్సిన చోట్ల లిస్టు.

నేను చెప్పేది శని, ఆదివారాలు కలిపి ఒక రాత్రి ఉండేవాళ్లకి. ఇంట్లో ఒకరిద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మో అత్తయ్యో, నాకేం పర్లేదు నడుస్తాను అంటూనే అరగంటకి కూచునే చోటు వెతుక్కునే నాన్నగారు ఉంటారు కదా, వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. ఒంటరిగా బ్యాగు తగిలించుకుని వారం రోజులు ఉండేవాళ్లకి ఈ గోలేం అక్కర్లేదు, వాళ్లు హాయిగా సైకిల్ అద్దెకి తీసుకుని తిరగొచ్చు.

ఎప్పుడు వెళ్లాలి అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి మధ్య నుంచి మే దాకా పిల్లలకి సెలవులున్నాయి కదా అని మాత్రం వెళ్లకండి, బళ్లారి వైపు ఎండలు ఎలా ఉంటాయో అనంతపురం, కర్నూలు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఊరు పచ్చగా, చల్లగా బాగుంటుంది కానీ తుంగభద్ర డ్యాం గేట్లు ఎత్తితే నది పొంగి పుట్టి పడవల ప్రయాణాలు ఆపేస్తారు, ఒడ్డునున్న పురందరదాసు మండపం నీళ్లలో మునిగిపోతుంది. డిసెంబర్ ఆఖరి వారం, సంక్రాంతి సెలవులు మంచి టైమే, కాకపోతే రూములు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. నన్నడిగితే డిసెంబర్ మొదట్లోనో, సంక్రాంతి హడావిడి అయిపోయాకో ఒక శనాదివారం చూసుకోండి.

వెళ్లడం ఎలా

హంపిలో రైల్వే స్టేషన్ లేదు. దిగాల్సింది హోస్పేటలో, ఇప్పుడు బోర్డుల మీద హొసపేటె అని ఉంటుంది. అక్కడి నుంచి హంపి 12, 13 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ తిరుగుతూనే ఉంటాయి. కోస్తా వాళ్లకి అమరావతి ఎక్స్‌ప్రెస్ చాలా వీలు, విజయవాడలో సాయంత్రం ఎక్కితే గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా మర్నాడు పొద్దున్నకి దింపేస్తుంది. తిరుపతి, కడప వైపు వాళ్లకి కొల్హాపూర్ వెళ్లే హరిప్రియ ఉంది, అదీ రాత్రి ప్రయాణమే. హైదరాబాద్ నుంచి అయితే రాత్రి బస్సు ఎక్కి హోస్పేటలో దిగడమే తేలిక.

కారులో వెళ్లేవాళ్లకి హైదరాబాద్ నుంచి దాదాపు 380 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్, రాయచూరు, సింధనూరు, గంగావతి మీదుగా ఒక దారి, కర్నూలు వెళ్లి ఆలూరు, బళ్లారి మీదుగా ఇంకో దారి. ఎటు వెళ్లినా మధ్యలో ఆగుతూ వెళ్తే ఏడెనిమిది గంటలు పడుతుంది, గూగుల్ చూపించే టైముకి పిల్లల వాంతులు, పెద్దల టీలు కలుపుకోండి. గంగావతి దారిలో వస్తే నదికి అవతలి ఒడ్డు, అంటే ఆనెగొంది వైపు ముందు తగులుతుంది, అది ఎందుకు ముఖ్యమో తర్వాత చెప్తా. పెట్రోలు హోస్పేటలోనో గంగావతిలోనో ట్యాంకు నిండా కొట్టించేసుకోండి, హంపిలో బంకు కోసం వెతుక్కోవద్దు.

ఈ మాటలు నడుస్తుండగా ఇంట్లో ఎవరో ఒకరు, సాధారణంగా అత్తయ్యగారు, ఎలాగూ అటే వెళ్తున్నాం కదా దారిలో మంత్రాలయం కూడా చూసుకుని వెళ్దాం అంటారు. ఇది జరిగి తీరుతుంది కాబట్టి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. మంత్రాలయం నుంచి హంపి రోడ్డు మీద మూడు, మూడున్నర గంటల పని. మూడో రోజు సెలవు దొరికితే తిరుగు ప్రయాణంలో కలుపుకోండి, చక్కగా కుదురుతుంది. రెండు రోజులే ఉంటే కలపకండి, దర్శనం క్యూలో ఒక పూట పోతుంది, హంపికి మిగిలేది సరిగ్గా ఆ మధ్యాహ్నపు ఎండే. మంత్రాలయం కోసం వేరే వారం వెళ్దాం అని మాటిచ్చెయ్యండి, ఇంట్లో గొడవ ఉండదు.

ఎక్కడ ఉండాలి

మూడు నాలుగు చోట్లున్నాయి. హంపి ఊళ్లోనే, విరూపాక్ష గుడి పక్క సందుల్లో, ఇళ్ల మీద కట్టిన చిన్న చిన్న గదులు అద్దెకిస్తారు. పొద్దున లేవగానే గుడి, నది రెండూ నడిచే దూరంలో ఉంటాయి, కానీ గదులు ఇరుకు, మెట్లు నిట్టనిలువు, కారు దూరంగా పెట్టుకోవాలి. ఇద్దరికైతే సరే, ఆరుగురికి కష్టం. హోస్పేటలో అన్ని రకాల హోటళ్లూ ఉన్నాయి, లిఫ్టు, ఏసీ, టిఫిన్ అన్నీ దొరుకుతాయి, కాకపోతే మధ్యాహ్నం రెస్టు కోసం వెనక్కి రావాలంటే రానూపోనూ గంట పోతుంది. నా ఓటు కమలాపురానికి. హంపికి నాలుగైదు కిలోమీటర్లు, రాజప్రాసాదాల వైపు అయితే ఇంకా దగ్గర. కర్ణాటక టూరిజం వాళ్ల మయూర భువనేశ్వరి అక్కడే ఉంది, చుట్టుపక్కల వేరే లాడ్జీలూ రిసార్టులూ ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండింటికి పావుగంటలో మంచం మీద ఉండగలిగితే సగం ట్రిప్పు గెలిచినట్టే.

పాత ట్రావెల్ పోస్టుల్లో నదికి అవతల విరూపాపుర గడ్డి అనే చోట రిసార్టులు బాగుంటాయని ఇంకా కనిపిస్తుంది. అవి నమ్మకండి, కోర్టు తీర్పు తర్వాత 2020లో అక్కడి కట్టడాలు కూల్చేశారు. అలాగే గుడి ముందు బజారు మండపాల్లో దుకాణాలు, హోటళ్లు అని రాసిన పాత కబుర్లూ అంతే, 2011లో అవన్నీ ఖాళీ చేయించారు.

బయల్దేరే ముందు పిల్లలకి చెప్పాల్సిన కథ

ఇది చాలామంది వదిలేస్తారు. కథ తెలియకపోతే పిల్లలకి హంపి నిజంగానే రాళ్ల గుట్ట, పాపం వాళ్ల తప్పేం లేదు. దారిలో ఒక అరగంట చాలు. 1336లో ఇక్కడ విజయనగరం మొదలైంది. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆయన కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ ఊరు రోమ్ అంత పెద్దదిగా కనిపిస్తోందని రాసుకున్నాడు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో అప్పట్లో రాజ్యాన్ని నడుపుతున్న అళియ రామరాయలు చనిపోయాడు, దక్కన్ సుల్తానుల సైన్యాలు ఊరిని దోచి పడగొట్టాయి, రాజకుటుంబం మన పెనుకొండకి, ఆ తర్వాత చంద్రగిరికి వెళ్లిపోయింది. ఇంతే. ఇందులో తెనాలి రామకృష్ణుడి కథలు రెండు కలిపితే పిల్లలు మిగతాది వాళ్లే అడుగుతారు. వంశాల పేర్లు, తారీఖులు అన్నీ అప్పజెప్పించకండి, అదేం పరీక్ష కాదు.

మొదటి రోజు

రాత్రి ప్రయాణం చేసి దిగితే పొద్దున స్నానాలు, టిఫిన్లు అయ్యేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది. అప్పుడు గబగబా గుళ్లకి పరిగెత్తకుండా కమలాపురంలో పురావస్తు శాఖ మ్యూజియానికి వెళ్లండి. నీడపట్టున ఉంటుంది, పెద్దది కాదు, గంటన్నరలో అయిపోతుంది. మధ్య ఆవరణలో హంపి మొత్తం కొండలు, నది, గుళ్లతో సహా నమూనాగా కట్టి పెట్టారు. దాని చుట్టూ ఒక రౌండు వేసి మనం ఇక్కడ, గుడి అక్కడ, రేపు వెళ్లేది అదిగో అటు అని చూపిస్తే ఇంట్లో అందరికీ ఊరి మ్యాపు బుర్రలోకి ఎక్కేస్తుంది, ఆ తర్వాత ఇంకెంత దూరం అనే ప్రశ్నలు తగ్గుతాయి. రాయలవారు, ఇద్దరు రాణుల విగ్రహాల నకళ్లు కూడా ఉన్నాయి, తిరుమల గుళ్లో అసలువి చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, లాంగ్ వీకెండ్ అని శుక్రవారమే వెళ్లేవాళ్లు ఇది చూసుకోవాలి.

టిక్కెట్టు సంగతి ఇక్కడే చెప్పేస్తా. మనవాళ్లకి మనిషికి 40 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకి ఉచితం. అదే టిక్కెట్టుతో ఆ ఒక్క రోజులో విఠ్ఠల గుడి, లోటస్ మహల్ ఆవరణ, మ్యూజియం మూడూ చూడొచ్చు. దీంతో ఒక చిక్కుంది. టిక్కెట్టు వేస్టవుతుందని మూడూ ఒకేరోజు పూర్తి చేద్దామని కొందరు పట్టుబడతారు. 40 రూపాయల కోసం మిట్టమధ్యాహ్నం విఠ్ఠల గుడికి వెళ్లి వడదెబ్బ తెచ్చుకోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. రెండో రోజు ఇంకోసారి కొనుక్కోండి. కౌంటర్ దగ్గర రద్దీ ఉంటే అక్కడ పెట్టిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్లోనే తీసుకోవచ్చు, సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి కొన్నవెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మ్యూజియం అయ్యాక భోజనం, ఆ తర్వాత నిద్ర. పెద్దవాళ్లు పడుకుంటారు, పిల్లలు పడుకోరు, అయినా నీడలో ఉంటారు కదా.

మూడింటికి లేచి టీ తాగి లోటస్ మహల్ వైపు. గుండ్రటి వంపులతో, గుళ్లకీ మసీదులకీ మధ్యలో ఎక్కడో ఉన్నట్టుండే ఆ కట్టడాన్ని బయటి నుంచే చూడాలి, లోపలికి వదలరు. గడ్డి, చెట్లు ఉన్నాయి కాబట్టి అమ్మమ్మ వాళ్లు ఇక్కడ కూచుంటే మిగతావాళ్లు పక్కనే ఉన్న ఏనుగుల శాల చూసి రావచ్చు. వరసగా 11 గదులు, వాటి మీద రకరకాల ఆకారాల్లో గుమ్మటాలు, ఒక్కో గదిలో ఒక పట్టపుటేనుగు పట్టేంత చోటు. పిల్లలు లోపలికి వెళ్లి అరుస్తారు, ప్రతిధ్వని వస్తుంది, మళ్లీ అరుస్తారు. కాసేపు అరవనివ్వండి.

అక్కడి నుంచి ఆటోలోనో కారులోనో రెండు నిమిషాలు వెళ్తే హజార రామాలయం. చిన్న గుడి, కానీ నాకు హంపిలో బాగా ఇష్టమైనవాటిలో ఇది ఒకటి. గర్భగుడి బయటి గోడల మీద రామాయణం అంతా వరసగా చెక్కేశారు, పైన ఒక వరస, దాని కింద ఇంకో వరస. గైడ్ చెప్పే ముందే పిల్లలకి ఒక పని పెట్టండి: ఏడు చెట్లని ఒకే బాణంతో కొడుతున్న రాముడు ఎక్కడ, తోకనే సింహాసనంలా చుట్టుకుని రావణుడి ఎదురుగా కూచున్న హనుమంతుడు ఎక్కడ, వెతకమనండి. పావుగంట నిశ్శబ్దం గ్యారంటీ. బయటి ప్రహరీ గోడ మీద మాత్రం ఏనుగులు, గుర్రాలు, సిపాయిలు, నాట్యగత్తెలు ఊరేగింపుగా పోతుంటారు. ఆ గుర్రాలు దూరదేశాల నుంచి ఓడల్లో దిగినవి, వాటికోసం రాయలు ఎంత ఖర్చయినా పెట్టేవారు.

దాని వెనకే మహానవమి దిబ్బ. దసరాకి రాజు కూచుని ఉత్సవాలు చూసిన పెద్ద రాతి వేదిక ఇది. మెట్లు ఎత్తుగా ఉంటాయి, పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండి చుట్టూ ఉన్న బొమ్మలు చూస్తే చాలు. ఎక్కగలిగినవాళ్లు పైకెక్కితే రాజుల ఆవరణ అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. దిబ్బ దగ్గర్లోనే మెట్ల కోనేరు ఉంది. నల్లరాతితో చేసిన ఆ మెట్లు చూసి బాగుందని ఫోటో తీసుకుని వెళ్లిపోతారు అందరూ. కొంచెం ఆగి రాళ్ల అంచులు చూడండి, చాలా రాళ్ల మీద చిన్న చిన్న అక్షరాలు, గుర్తులు చెక్కి ఉంటాయి. ఏ రాయి ఏ వైపు, ఎన్నో వరసలో పెట్టాలో పనివాళ్లు వేసుకున్న గుర్తులవి. ఎక్కడో చెక్కి, నంబర్లేసి తెచ్చి ఇక్కడ బిగించారన్నమాట. 1980ల తవ్వకాల్లో బయటపడేదాకా ఈ కోనేరు మట్టి కిందే ఉంది. నీళ్లు వచ్చిన రాతి కాలవ కూడా పక్కనే స్తంభాల మీద నిలబడి కనిపిస్తుంది. అదే ఆవరణలో నేలలోకి దిగే చీకటి గది ఒకటి ఉంది, ఫోన్ టార్చ్ వేసుకుని దిగితే పిల్లలకి అది చాలు, ఇంటికొచ్చాక మొదట చెప్పేది దాని గురించే.

రాణీవాసపు స్నానశాల కూడా ఇదే దారిలో ఉంది. టైముంటే చూడండి, లేదంటే వదిలెయ్యండి.

ఐదింటికల్లా ఇక్కడి నుంచి బయటపడాలి, ఎందుకంటే సాయంత్రం హేమకూటం మీద ఉండాలి. సూర్యాస్తమయానికి మాతంగ పర్వతం ఎక్కండి అని చాలామంది చెప్తారు, చూడ్డానికి అది ఇంకా బాగుంటుంది నిజమే, కానీ దారి నిటారుగా ఉంటుంది, దిగేటప్పటికి చీకటి పడుతుంది, చిన్న పిల్లలతో పెద్దవాళ్లతో అస్సలు వద్దు. హేమకూటం మాత్రం ఏటవాలు బండ, మెల్లగా నడుస్తూ ఎక్కెయ్యొచ్చు. ఎక్కే దారిలోనే రెండు పెద్ద వినాయకులు. ఆవగింజ గణపతి అని పిలిచే సాసివెకాళు గణేశుడి వెనక్కి వెళ్లి చూడండి, ముందు నుంచి వినాయకుడు, వెనక నుంచి ఒక ఆడమనిషి వీపు, జడ కనిపిస్తాయి. అమ్మ ఒళ్లో కూచున్న పిల్లాడిగా చెక్కారు. ఆ మండపాన్ని 1506లో కట్టించింది మన చంద్రగిరి నుంచి వచ్చిన వర్తకుడు. పైన బండల మీద విజయనగరం కంటే ముందునుంచీ ఉన్న చిన్న చిన్న గుళ్లు, కింద విరూపాక్ష గోపురం, అవతల నది. ఒక బండ చూసుకుని కూచోండి. చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు, ప్లాస్టిక్ కవరు కనిపించకూడదు, కోతులు మన పర్మిషన్ అడగవు.

రాత్రికి హోస్పేట వెళ్లే ఓపిక ఉంటే జొన్నరొట్టె భోజనం చెయ్యండి, వంకాయ కూర, పల్లీల పొడితో. లేదంటే హోటల్లోనే తినేసి తొందరగా పడుకోండి.

రెండో రోజు

ఆరింటికల్లా విరూపాక్ష గుళ్లో ఉంటే ఆ తర్వాత ఏం చూడకపోయినా నష్టం లేదు. ఈ ఊళ్లో ఇన్ని గుళ్లు పాడుబడినా ఇక్కడ మాత్రం పూజలు ఆగకుండా జరుగుతున్నాయి, అందుకే ఇది చూడటానికి వెళ్లే చోటు కంటే ముందు దేవుడి గుడి, పంచెలు చీరలు కట్టుకెళ్లాలనుకునే పెద్దవాళ్లు ఈ ఒక్క చోటికి కట్టుకుంటే చాలు. తొమ్మిది అంతస్తుల తూర్పు గోపురం దాటి లోపలికి వెళ్తే రంగమండపం. అది రాయలు 1510లో పట్టాభిషేకం సందర్భంగా కట్టించింది. అందరూ తిన్నగా దర్శనానికి వెళ్లిపోతారు. తల పైకెత్తి చూడండి: కప్పు నిండా రంగుల బొమ్మలు, మత్స్యయంత్రం కొడుతున్న అర్జునుడు, పల్లకీలో విద్యారణ్యస్వామి ఊరేగింపు. మెడ నొప్పి వచ్చేదాకా చూడొచ్చు.

గర్భగుడి వెనక వైపు కొన్ని మెట్లెక్కితే ఒక చిన్న చీకటి గది, గోడకి ఒక కన్నం. బయట వెలుతురు బాగా ఉంటే ఎదురు గోడ మీద రాజగోపురం తలకిందులుగా పడుతుంది. హైస్కూలు పిల్లలుంటే మీరేం చెప్పక్కర్లేదు, పిన్‌హోల్ కెమెరా అని వాళ్లే మీకు పాఠం చెప్తారు. పొద్దున మబ్బుగా ఉంటే సరిగా కనపడదు. గుడి ఏనుగు నదిలో స్నానానికి వెళ్లే టైము అక్కడ పూజారినో పూలు అమ్మేవాళ్లనో అడిగి తెలుసుకోండి, మ్యాపుల్లో వెతకొద్దు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి దర్శనం పొద్దున్నే అయిపోవాలి.

టిఫిన్ గుడి దగ్గరే చెయ్యొచ్చు. ఇడ్లీ వడ ఎలాగూ ఉంటుంది, బొరుగుల ఉగ్గాని, మిర్చి బజ్జీ దొరికితే అది తినండి, సీమవాళ్లకి పుట్టింటికి వచ్చినట్టుంటుంది. హంపి గుడి చుట్టుపక్కల మాంసం, మందు ఉండవు, కావాల్సినవాళ్లు హోస్పేటలో చూసుకోవాలి.

ఆ తర్వాత ఆలస్యం చెయ్యకుండా విఠ్ఠల గుడి. రోడ్డు మీద వెళ్తే తలారిఘట్ట వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లాలి, వాహనాలు ఒక కిలోమీటరు ముందే ఆపేస్తారు, అక్కడి నుంచి బ్యాటరీ బండి. ఆదివారం పది దాటితే ఆ బండి క్యూ చాంతాడంత ఉంటుంది, ఎనిమిదిన్నర ప్రాంతంలో వెళ్తే హాయి. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే వాళ్లని ఇంకో దారిలో పంపండి: బజారు చివర నుంచి నది ఒడ్డునే నడిచి, కోదండరామ గుడి, అచ్యుతరాయ గుడి ముందు పాడుబడ్డ బజారు, రాజు తులాభారం తూగేవాడని చెప్పే రాతి తులాదండం దాటుకుంటూ రెండు కిలోమీటర్లలో విఠ్ఠల గుడికి చేరుకుంటారు. పెద్దవాళ్లు బండిలో, వాళ్లు కాలినడకన, గుడి గుమ్మం దగ్గర కలుసుకోవచ్చు.

50 రూపాయల నోటు మీద ఉన్న రథం ఇక్కడిదే. నోటు తీసి పక్కన పెట్టి పిల్లలు పోల్చి చూసుకుంటారు, ఆ సరదా ఎలాగూ ఉంటుంది. నిజానికి ఇది రథం ఆకారంలో కట్టిన గరుత్మంతుడి గుడి. ముందు లాగుతున్నట్టున్న రెండు ఏనుగుల్ని చూడండి, రథానికి అవి చిన్నవిగా, అతకనట్టుగా అనిపిస్తాయి. కారణం, మొదట అక్కడున్నవి గుర్రాలు, అవి విరిగిపోయాక ఎక్కడివో ఏనుగుల్ని తెచ్చి పెట్టారు. ఏనుగుల వెనక పరీక్షగా చూస్తే ఆ పాత గుర్రాల తోకలు, వెనక కాళ్లు రాతికి అంటుకుని ఇంకా ఉన్నాయి. రథం మీద ఇటుకల గోపురం కూడా ఉండేది, 1856లో తీసిన ఫోటోల్లో కనిపిస్తుంది, ఇప్పుడు లేదు. చక్రాలు ఒకప్పుడు తిరిగేవి, అందరూ తిప్పి తిప్పి అరగదీస్తున్నారని బిగించేశారు. ఇప్పుడు చుట్టూ అడ్డు కట్టి ఎవర్నీ ముట్టుకోనివ్వరు, మంచిపనే.

సంగీత స్తంభాల గురించి పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అలుగుతారు. తట్టితే స్వరాలు పలికే స్తంభాలు ఉన్నాయి, కానీ తట్టడం నిషేధం, ఆ మండపంలోకి చాలాసార్లు వదలరు కూడా. కావాలంటే గైడ్ ఫోన్లో పాత రికార్డింగ్ వినిపిస్తారు.

పదిన్నర, పదకొండుకి ఇక్కడి నుంచి బయటపడి, వెనక్కి వచ్చే దారిలో రెండే రెండు చోట్ల ఆగండి. ఒకటి కృష్ణాలయం, మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట గెలిచి అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి రాయలు కట్టించింది. ఎండ ఎక్కువైతే దీన్ని కారులోంచే చూసి వదిలెయ్యొచ్చు. రెండోది మాత్రం వదలొద్దు: లక్ష్మీనరసింహస్వామి. ఒకే బండలో చెక్కిన 6.7 మీటర్ల విగ్రహం, 1528 నాటిది. ఇప్పుడు చూస్తే ఉగ్రనరసింహుడు ఒక్కడే కూచున్నట్టుంటుంది, చాలామంది ఆ పేరుతోనే పిలుస్తారు. పక్కకి వెళ్లి ఆయన నడుం వెనక చూడండి, గాజులు వేసుకున్న ఒక చిన్న చెయ్యి ఆయన్ని పట్టుకుని ఉంటుంది. తొడ మీద కూచున్న లక్ష్మీదేవిని పగలగొట్టేశారు, ఆ చెయ్యొక్కటీ మిగిలింది. పక్క గుళ్లో బడవిలింగం, కాలవ నీళ్లలో నిలబడి ఉన్న పెద్ద శివలింగం, ఐదు నిమిషాల పని.

ఆటో, గైడ్, ఇంకా చిన్నాచితకా

సొంత బండి లేకపోతే రోజంతటికీ ఆటో మాట్లాడుకోవడమే నయం. ఎక్కే ముందే ఎన్ని గంటలకి, ఏయే చోట్లకి, మధ్యాహ్నం రూముకి దింపి మళ్లీ వస్తారా లేదా అన్నీ తేల్చుకోండి, రేటు ఆ తర్వాత. మధ్యాహ్నం రెస్టు మాట చెప్పకపోతే వాళ్లు నాలుగింటికల్లా మీ పని ముగించేసి వెళ్లిపోవాలని చూస్తారు, అది వాళ్ల లెక్క. భాష టెన్షన్ అక్కర్లేదు, బళ్లారి వైపంతా తెలుగు బాగా నడుస్తుంది, హోస్పేటలో మీరు కన్నడలో మొదలుపెడితే వాళ్లు తెలుగులోకి మారతారు.

గైడ్‌ని రెండు రోజులూ పెట్టుకోకండి, పిల్లలు చెవులు మూసుకుంటారు. ఒక పూట చాలు, నన్నడిగితే విఠ్ఠల గుడికో, రాజుల ఆవరణకో. టూరిజం శాఖ గుర్తింపు కార్డు ఉన్నవాళ్లని తీసుకోండి, తెలుగులో చెప్పేవాళ్లు కావాలని అడగండి.

బ్యాగులో ఏం పెట్టుకోవాలంటే, టోపీలు, మనిషికి ఒక నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పెద్దవాళ్లకి మందంగా ఉండే పాత సాక్సులు. చెప్పులు విడిచే చోట బండ కాలిపోతుంటే ఆ సాక్సుల విలువ తెలుస్తుంది. జారని అడుగున్న చెప్పులు వేసుకోండి, ఆ బండలు నునుపు. టాయిలెట్ కనిపించినప్పుడల్లా, అవసరం ఉన్నా లేకపోయినా, అందర్నీ పంపండి. టిక్కెట్ కౌంటర్ల దగ్గర ఉంటాయి, వాటి మధ్యలో దొరకవు.

ఆనెగొంది కలపాలా

రెండో రోజు మధ్యాహ్నం తర్వాత ఓపిక మిగిలినవాళ్లకి, హైదరాబాద్ వైపు కారులో వెళ్లేవాళ్లకి మాత్రమే. నది ఎదురుగానే కనిపిస్తుంది కానీ కారు దాటాలంటే బుక్కసాగరం దగ్గరి వంతెన మీదుగా చుట్టు తిరగాలి. అంజనాద్రి కొండ హనుమంతుడు పుట్టిన చోటని చెప్తారు, 575 మెట్లు, పెద్దవాళ్లు కింద నుంచే దండం పెట్టుకోవచ్చు. పక్కనే పంపా సరోవరం మెట్లు లేకుండా అందరూ చూడగలిగే చోటు. సణాపురం చెరువులో పుట్టి ఎక్కొచ్చు. గుండ్రటి బుట్టలాంటి ఆ పడవని నడిపేవాళ్లు మధ్యలో గిరగిరా తిప్పుతారు, కడుపులో తిప్పేవాళ్లుంటే ముందే వద్దని చెప్పండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి, బేరం ఎంత కుదిరినా సరే.

మూడింటికల్లా ఆనెగొంది నుంచి బయల్దేరితే గంగావతి, సింధనూరు మీదుగా చీకటి పడేలోపు రాయచూరు దగ్గరికి వచ్చేస్తారు, అక్కడే రాత్రి భోజనం. రైల్లో వెళ్లేవాళ్లు ఆనెగొంది జోలికి పోకుండా సాయంత్రం తుంగభద్ర డ్యాం దగ్గర తోట, ఫౌంటెన్ చూసుకుని స్టేషన్‌కి వెళ్లొచ్చు, డ్యాం హోస్పేట ఊరిని ఆనుకునే ఉంటుంది. సామాను రూములోనే వదిలేసి తిరగాలంటే చెకౌట్ టైము గురించి మొదటి రోజే కౌంటర్లో మాట్లాడి పెట్టుకోండి, ఆదివారం మధ్యాహ్నం అడిగితే ఎవరూ ఒప్పుకోరు.